మర పట్టలేదు

కాశీనగరం దాటాక మూడో మలుపులో
పనసకాయలున్న సవర పెద్దామెని ఎక్కించుకోడానికి ఆపాను.
మళ్లీ తాళం తిప్పితే జీపు
'టిక్' మంది.
ఆ తర్వాత ఏమడిగినా అదే మాట.

బానెట్ ఎత్తాను.
బ్యాటరీ నెత్తిన పచ్చగా, తెల్లగా ఉప్పు,
పాత గోడకి చెమ్మ పూసినట్టు.
పానా వేసి తిప్పాను, తిరిగింది.
ఇంకో చుట్టు, తిరిగింది.
రేపిస్తా ఎల్లుండిస్తా అని
తలాడించే బాకీదారులా
తిరగడమే గాని బిగుసుకోదు.
మర అరిగిపోయింది.

"ఢిలా హెయిగలా" అన్నాడు
మధ్య సీట్లోంచి ఉపేంద్ర పాణిగ్రాహి, కోర్టు గుమస్తా.
డీలా పడిందనే మేమూ అంటాం.
ఆ మాట ముందు ఏ ఒడ్డున పుట్టిందో
వంశధారని అడగాలి.
అడిగే తీరికెక్కడిది,
గుణుపురంలో పదకొండుకి ఆయన వాయిదా.
వాచీ చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్లీ వాచీ.

ముందు నల్ల తీగ విప్పాలి,
బిగించేటప్పుడు దాన్నే ఆఖర్న బిగించాలి.
ఈ ఒక్క ముక్కా పాత్రో మేస్త్రి
నా వేళ్ల మీద పానాతో కొట్టి నేర్పాడు.
విప్పాను. పెద్దామె తన సీసాలో నీళ్లు
అడక్కుండానే వొంపింది.
ఉప్పు బుసబుసా కరిగి
నా ప్యాంటు మీద రెండు చుక్కలు పడింది;
రేపటికి అవి రెండు కన్నాలు.
ఇసకతో తోమితే
గుబ్బ బయటపడింది, అరిగి, సన్నబడి,
ఉంగరం జారిపోయే ముసలి వేలులా.

బోల్టు దొరికింది.
నంబరు ప్లేటుకి రెండున్నాయి,
ఒకదానితో అది బతకలేదా?
కానీ క్లాంపుకీ గుబ్బకీ మధ్య సందు?
బీడీ కట్ట మీది కాగితం పెట్టి చూశాను,
సిగ్గేసి తీసేశాను.

వెనక సీటు దిగి తవిటయ్య వచ్చాడు,
భుజాన వల, నోట్లో చుట్ట.
"ఏటైంది?" అన్నాడు.
చూపించాను.
మాట్లాడకుండా వల అంచు వెతికి
దారం పంటితో తెంపి
రేగ్గింజంత సీసం గుండు నా అరచేతిలో పెట్టాడు.

రాతి మీద పెట్టి పానాతో కొట్టాను.
ఏడవలేదు, పగల్లేదు,
తమలపాకులా పరుచుకుంది.
గుబ్బకి చుట్టాను.
లోపల సీసం, పైన సీసం,
చుట్టి చుట్టరికం కలిపేశాను.
కొత్త బోల్టు అవతలికి తోసి
నట్టు బిగిస్తుంటే
మూడో చుట్టుకి
మణికట్టు దాకా తెలిసింది, పట్టిందని.

జీపు దగ్గింది. కూసింది.
పాణిగ్రాహి వాచీ చూడ్డం మానేశాడు.

"ఒక గుండు తక్కువైతే
వల అక్కడ కాస్త పైకి లేస్తాది" అన్నాడు తవిటయ్య, ఎక్కుతూ.
"ఆ సందులోంచి పోయే చేప నీ బాకీ."

ఇది ఫాల్గుణంలో మాట.
కొత్త క్లాంపు ఇంకా కొనలేదు.
ప్లేటు ఒక్క బోల్టుకే వేలాడుతోంది,
మెళియాపుట్టి వైపెళ్తే ఆంధ్రా పోలీసు,
ఇటొస్తే ఒడిశా పోలీసు
మెడ వొంచి చదువుతారు.
తవిటయ్య దగ్గర టిక్కెట్టు తీసుకోను.
దిగేటప్పుడు వేళ్లు మడిచి
లెక్క మాత్రం చెప్పి పోతాడు,
మొన్నటికి పదకొండు,
అందులో రెండు వాలుగలట.