ఆల్టో వరసలో చివరి చోటు

తార్తులో మా ఆడవాళ్ల బృందగానంలో
ఆల్టో వరస చివర, తలుపు పక్కన నిలబడేదాన్ని.
గాలి కోసం అని చెప్పేదాన్ని.

సిటీ బస్సు నడుపుతాను.
ఏ స్టాపు వెనక ఏ కాఫీ కొట్టులో
బాత్రూం తాళంచెవి ఎవరినడగాలో
రూటు కన్నా బాగా తెలుసు నాకు.

రైమో పుట్టినప్పుడు నాలుగున్నర కిలోలు.
పటకార్లు వేసి లాగారు.
"అన్నీ సర్దుకుంటాయి" అంది మంత్రసాని.
సర్దుకున్నది నేనే.
దగ్గొచ్చే ముందు కాళ్లు మెలివేయడం,
తుమ్మొచ్చే ముందు ఊపిరి బిగబట్టడం,
ఎక్కడికెళ్లినా నల్ల పావడాయే కట్టడం.
నవ్వొస్తే ఏం చెయ్యాలో మాత్రం దొరకలేదు.
అందుకని మానేశాను.
వాళ్ల నాన్న పోయాక ఇది నవ్వదు, అనుకున్నారు ఇంట్లో.
అనుకోనిచ్చాను.
పోయినాయన నాకు చేసిన ఆఖరి సాయం అది.

డాక్టర్ కూసెమెట్స్ ఏదీ దాచలేదు.
"ఇది నిలబడ్డ శాస్త్రం కాదు, ఇంకా నడుస్తున్నది.
కొందరికి పట్టింది. కొందరికి పట్టలేదు.
ఎందుకో మాకూ తెలీదు.
కండరాల వ్యాయామం చేశారా?"
చేశాను, ఆర్నెల్లు,
ఎర్ర లైటు పడ్డ ప్రతిసారీ
స్టీరింగు పట్టుకుని బిగించి, పచ్చ పడగానే వదిలి.
వెనక సీట్లో ఎవరికీ తెలీకుండా.

మోచేతి మడతలో సూది గుచ్చి
గొట్టంలోకి నెత్తురు తీసింది.
యంత్రంలో పెట్టి తిప్పింది.
వోరులో మా అమ్మమ్మ వెన్న తీసే పీపా గుర్తొచ్చింది,
అదే గిరగిర, అదే ఓపిక.
ఆగేసరికి ఎరుపంతా అడుగుకు దిగి
పైన పల్చని తేనెరంగు నీరు.
"దెబ్బ తగిలిన చోటికి
ముందుగా పరుగెత్తేవి ఇందులో ఉంటాయి" అంది.
ఇరవై ఏడేళ్ల కిందటి దెబ్బకి
కబురు ఇవాళ అందింది కాబోలు.

ఎక్కడ గుచ్చుతారో చెప్పింది.
యోని ముందు గోడలో, మూత్రనాళం కింద.
సరేనా అంటే ఆ మాటలే తిరిగి పలికాను,
నా నోటితో మొదటిసారి.
సముద్రాన్ని పాడాను, బూర్జ చెట్లని పాడాను,
జెండా ఎత్తినప్పుడు దేశాన్ని పాడాను,
ఈ జానెడు మేర మీద
ఒక్క పదమూ పలకలేదు ఇన్నాళ్లూ.

నొప్పా? చీమ కుట్టినట్టు అన్నారు.
చీమ కాదు, కందిరీగ.

నెలకొకటి చొప్పున మూడు.
రెండోసారి వెళితే, వెయిటింగ్ రూములో
పత్రిక తలకిందులుగా పట్టుకుని హెల్వే.
మా వరసకి అటు చివర, కిటికీ పక్కన నిలబడే హెల్వే.
పధ్నాలుగేళ్లు ఒకే పాట రెండు కొసల్లో పట్టుకున్నాం.
నన్ను చూసింది. పత్రిక దించింది.
"నువ్వూ గాలికేనా?"

నవ్వాను.
పగలబడి, గోడకి ఆనుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా.
కారింది.
కొంచెం. కొంచెమే.
హెల్వే తన సంచిలోంచి తీసి ఇచ్చింది, ఏమీ అడక్కుండా.

ఏప్రిల్‌లో మంచు కరిగింది.
రోజుకి నాలుగు వాడేదాన్ని, ఒకటితో సరిపోతోంది.
అది నా నెత్తురు చలవో, ఎర్ర లైట్ల చలవో,
ఊరికే ఏప్రిల్ కావడమో,
డాక్టర్‌ని అడిగితే భుజాలెగరేసి రాసుకుంది.

హెల్వేకి ఏమీ మారలేదు.
మూడు సూదులూ అయ్యాయి, అదే సంచి, అదే లెక్క.
ఆమె ముందు నా "ఒకటి" చెప్పడానికి సిగ్గేసింది.
ఇది కొత్త సిగ్గు. దీనికింకా పావడా కుట్టలేదు.

మొన్న శనివారం సాధనకి
కిటికీ వదిలేసి ఇటొచ్చింది.
"జరుగు" అంది.
జరిగాను.
తలుపు కొంచెం తెరిచే ఉంచాం,
గాలి కోసం.