చెవి వెనక

రాత్రి హాజరు నేను నుదుటి మీద తీసుకోను.
చెవి వెనక పట్టి చూస్త,
అదీ అరచేత్తోని కాదు, వేళ్ళ వీపుతోని.
పొద్దంత పొయ్యికాడ గంజి వార్చిన అరచెయ్యికి
లోకమంత చల్లగనే తోస్తది.

అరవై రెండు ఇనుప మంచాలు.
కోడపె రోశ్ని, చల్లగ.
సిడాం సుక్కుబాయి, చల్లగనే. దోమతెర దాటి కాలు బయట పెట్టింది,
లోపలికి నెట్టి అంచు పరుపు కిందికి దోపిన.
దుర్గం హారిక నిద్రల ఏడో ఎక్కం మరాఠీల చదువుతున్నది,
ఏడైదుల కాడ ఆగింది.
ముప్పై అయిదు, అని నేను తెలుగుల అందించిన.
అది ముందటికి పోయింది.

సర్కారు రిజిస్టర్ల హాజరు, గైర్‌హాజరు, రెండే గడులు.
ఒళ్ళు ఈడుండి మనిషి కాలిపోతుంటే
యాడ రాయాలె?

బళ్ళె దాన్ని తాప్ అంటరు. ఇంట్ల మేం జరమంటం.
మా అవ్వ మాటల తాపమంటే వేరే,
రావాల్సినోళ్ళు రాకపోతే రొమ్ముల మండేది.
సిరొంచ దవాఖాన బయట, సిమెంటు బెంచి మీద
ఆ మూడు మాటలు నాకు ఒక్కపారే అర్థమైనయి.

మడావి జైవంతి సంగతి చెప్తున్న.
పిల్ల బతికింది. ముందుగాల్నే చెప్తున్న,
మీరు ఊపిరి బిగపట్టుకొని వినొద్దని.

అప్పుడు నాలుగో తరగతి. కబడ్డీల దాని కాళ్ళు ఎవ్వరికి దొరకవు.
అహేరిల పోటీలు, ఇంక ఎనిమిది రోజులు.
జరమని చెప్తే ఇంటికి తోలుతరని
తువ్వాల తడిపి నుదుటి మీద ఏసుకొని పండేది.
నా చెప్పుల చప్పుడు వినంగనే తీసి దిండు కింద దాచేది.
నేను నుదురు ముట్టిన. చల్లగుండె.
మూడు రాత్రులు చల్లగనే ఉండె.
మంచి పిల్ల, సతాయించదు, అనుకుంట లైటు బంద్ చేసిన.

నాలుగో పొద్దు ప్రార్థన కాడ కింద పడి కొట్టుకున్నది.
వాగు నిండుగుండె. బస్సు అవతల్నే ఆగింది.
మంచం తిరగేసి లెక్కల సారు ఒక దిక్కు, మా ఆయన ఒక దిక్కు మోసిండ్రు,
నేను పక్కన గొడుగు పట్టిన.
నీళ్ళు నడుముల దాక.
గాజు పలక మీద ఒక్క చుక్క నెత్తురు.
అదే చుక్క మొదటి రాత్రి తీసి ఉంటే
చీమ కుట్టినంత.

గప్పటి సంది పిల్లల ముంగట ఒట్టు పెట్టుకున్న,
జరమొచ్చిన పోరిని జట్టులకెల్లి తీయనియ్య,
సారుతోని కొట్లాడైనా సరే. దాచొద్దు, బిడ్డా.
కొందరు నమ్మిండ్రు.
కొందరు ఇంకా నా మొఖమే చూస్తున్నరు.

దోమతెరల ముచ్చట ఇంకోటి.
సెలవులకు మూటల పడి ఇంటికి పోతయి,
దీపావళి అయినంక ప్రాణహిత వాసనతోని తిరిగొస్తయి,
ఒక దాని కుట్టుల చేప పొలుసు మెరుస్తుండె.
తిడదామని నోరు తెరిచిన.
తండ్రి కాళ్ళ పగుళ్ళు చూసి
నల్లదారం, సూది తీసుకొని కూసున్న.
దోమ దూరే సందు సూది దూరేంత,
చేప దూరే సందు ఇంకొంచెం పెద్దది, అంతే తేడా.

మొన్న రాత్రి టార్చి పట్టుకొని
నా ఎన్క ఎన్కనే నడిచింది జైవంతి.
ఊడిన జుట్టు మళ్ళ వస్తున్నది, ముళ్ళ పంది పిల్ల లెక్క.
అరవై రెండు అయినంక అడిగింది,
"బాయీ, మరి నీది?"
నేను నవ్విన. అది నవ్వలే.
వేళ్ళు తిరగేసి నా కుడి చెవి వెనక పెట్టింది,
అచ్చం నా తీరుగనే, కండ్లు మూసుకొని,
పెదాలల్ల ఏదో లెక్కపెట్టుకుంట.

ఏం చెప్పలే.
టార్చి ఆర్పి
నా మంచానికి తెర దింపింది.