తడి చేతులు

ఈదయ్య స్టార్టర్ డబ్బా ముట్టి సచ్చిపోయిండు,
రాత్రి రెండున్నరకు, త్రీఫేజ్ వచ్చిన యాళ్ల.

పొద్దుగాల కొండమల్లేపల్లి రోడ్డు మీది చాయ్ హోటల్ల
తలా ఒక తప్పు ఏరి తెచ్చినం.
చెప్పులేసుకోలే కావచ్చు.
తాగిండో ఏమో.
తడి చేతులతోని ఎవడన్న ముడ్తడా?
ఎండుకట్టె పట్టుకపోవాలన్న సోయి ఉండొద్దా—
గిది నేనే అన్న.

చాయ్ సల్లారక ముందే
ఈదయ్య సావు ఈదయ్యదే అయింది.
మాకు పాణం నిమ్మలమైంది.

చెప్పులు కాళ్లకే ఉన్నయని
శవాన్ని మోసినోడు వచ్చి చెప్పిండు.
కొంచెంసేపు ఎవ్వలు మాట్లాడలే.
"అయితే అరిగినయి కావచ్చు,"
అన్నడు మూలకు కూసున్న ముసలాయన.

నెల కిందనే లైన్‌మన్‌కు చెప్పినమని
సాలమ్మ ఏడ్సుకుంట అన్నది.
ఆ మాటను మాత్రం
ఎవ్వలం హోటల్ దాక మోసుకరాలే.

నా డబ్బాకు గూడ మూత లేదు,
రెండేండ్ల సంది.

ఇయ్యాల కరెంటొచ్చింది. రెండున్నర.
కాళ్లకు కొత్త చెప్పులు, చేతిల ఎండుకట్టె.
ఈదయ్య తప్పులన్ని
తాయెత్తుల లెక్క మెడల ఏసుకొని
డబ్బా ముంగట నిలవడ్డ.
అది సన్నగ గుయ్యిమంటున్నది.

చేతులు తువ్వాలకు తుడుసుకున్న.
మల్ల తుడుసుకున్న.
వాన లేదు, బురద లేదు,
ఎంత తుడిసినా తడే.