పాయింటు తర్వాత సున్నాలు

ఫిబ్రవరి ఒకటో తారీకు, పదకొండు దాటాక
ఆటోనగర్‌ నాలుగో రోడ్డులో, సైదమ్మ టీకొట్టు టీవీలో
రక్షణకి ఇన్ని లక్షల కోట్లని చదివారు.
ఆ అంకె తెరకి పట్టక
చివరి సున్నాలు అంచు మీద ఒంటికాలితో నిలబడ్డాయి.
నాకూ సున్నాలతోనే పని.
కాకపోతే నావి పాయింటు తర్వాత ఉంటాయి.

సున్నా పాయింటు సున్నా సున్నా ఎనిమిది.
మిల్లీమీటర్లో అంతకి మించి తేడా రాకూడదు.
తలవెంట్రుక దీని ముందు దూలం.

ఇదివరకు మేం లారీలకి బుష్షులు తిప్పేవాళ్ళం,
ఉయ్యూరు చెరుకు బళ్ళ ఇరుసులు,
తెనాలి రైసుమిల్లు షాఫ్టులు.
"కాస్త లూజున్నా పర్లేదు బాబాయ్, గ్రీజు కొట్టుకుంటాం" అనేవాళ్ళు.
గ్రీజుతో సర్దుకుపోయే లోకం అది.

ఈ డ్రాయింగు హైదరాబాదు కంపెనీది.
వస్తువు పేరుండాల్సిన చోట నల్లపట్టీ.
కింద ఒక నంబరు, ఇంకా కింద
ఎవరికీ చెప్పమని మా సంతకాలు.
చెప్పడానికేముంది?
రింగు. చుట్టూ పద్నాలుగు గాట్లు.
జిలానీ రాకెట్టంటాడు, ఇస్సాకు ట్యాంకంటాడు.
కుర్రాడు పోతురాజు
మంత్రిగారి కుర్చీ చక్రమంటాడు.

దీనికోసం నలభై రెండు లక్షల మిషను.
మరియమ్మ వాళ్ళ నాన్న ఇచ్చిన పటమట స్థలం
కాగితాలై బ్యాంకు బీరువాలో పడుకుంది.
మిషనుకి ఏసీ గది కట్టాం,
వేడికి ఇనుము సాగుతుందని.
మేం బయట రేకుల కింద.
మేం సాగినా కొలిచేవాడు లేడు.

మొదటి విడత రెండువందల నలభై.
ఊపిరి బిగబట్టి మైక్రోమీటరు తిప్పాను ఒక్కోదానికి.
ముప్ఫై ఒకటి తప్పాయి.
తప్పినవి ముక్కలు కొయ్యాలని రూలు.
ముప్ఫై కోశాం.

బిల్లు పంపి ఎనిమిదో నెల.
ఫోను చేస్తే, "మాకు పైనుంచి రావాలండీ" అన్నారు.
శ్రీశైలం నిండితేగాని సాగరుకి రాదు,
సాగరు వదిలితేగాని మా బ్యారేజీకి రాదు,
ఆ తర్వాత బందరు కాలవ,
ఆ తర్వాత పిల్లకాలవ, తూము, గట్టు తెగ్గొట్టుకున్న పక్కచేను.
నిండు గోదారి లాంటి అంకె టీవీలో చూసి
చివరిభూమి రైతు ఏం మాట్లాడతాడు?
టీ చల్లారిందన్నాను.
పక్క బల్ల మీదాయన మాత్రం ఫోనులో
ఏవో షేర్లు ఎగిరాయని
మిర్చిబజ్జీలు తెప్పించి అందరికీ పంచాడు.
తిన్నాను. ఎందుకు తినను?

ఆ వేసవి, సరిహద్దులో పేలుళ్ళు.
ఒక రాత్రి సైరన్‌ మోగించి లైట్లార్పమన్నారు, అలవాటుకట.
చీకట్లో బెంజి సర్కిల్‌ వైపు నుంచి కుక్కలు ఒకటే ఏడుపు.
మర్నాడు ఫోను వాళ్ళే చేశారు:
రెట్టింపు కావాలి, ఈ నెలాఖరుకే.
పాత బాకీ వారంలో పడింది.
వారంలో!
ఎనిమిది నెలలు దొరకని సంతకం
ఒక్క సైరనుకి లేచొచ్చింది.

గుణదల కొండెక్కి మరియమ్మ
రెండు కొవ్వొత్తులు వెలిగించింది.
ఒకటి యుద్ధం ఆగిపోవాలని.
రెండోది దేనికని నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.
గాలికి రెండూ ఒక్కలాగే ఊగాయి.

మూడు షిఫ్టులు నడుస్తున్నాయిప్పుడు.
ఇస్సాకు కళ్ళలో ఎర్రజీర, జేబులో ఓవర్‌టైము.
రాత్రి తొమ్మిదింటికి టీ తాగుతుంటే
టీవీలో ఏదో నిప్పుతోక వేసుకుని నేల నుంచి లేచింది.
"బాబాయ్, అందులో మనదుందా?"
పోతురాజుకి పందొమ్మిదేళ్ళు. గొంతులో పండగ.
జిలానీ గ్లాసు దించాడు.
అది ఎక్కడ దిగిందో చూపించలేదు,
ఎగరడమే మళ్ళీ మళ్ళీ చూపించారు.

ఫ్యాను గాలికి సైదమ్మ అరువుచీటీలు లేచాయి.
గల్లాపెట్టె వెనక నుంచి
ఆమె ఒక రింగు తీసి వాటి మీద పెట్టింది.
పద్నాలుగు గాట్లు. ముప్ఫై ఒకటోది.
ఒక్క మైక్రాను ఎక్కువై
ఇక్కడ ఉండిపోయింది.
పై చీటీ నాదే, నూట ముప్ఫై.