పదిహేడో మెట్టు

అవేరోలో, ఉప్పుమడుల వెనక వీధిలో
పెంకులు కాల్చే బట్టీలకు బుద్ధి చెప్పే ప్రోగ్రాములు
రాస్తాం మేం తొమ్మిదిమంది.
ఎంత వేడి, ఎంతసేపు, ఎప్పుడు చల్లారాలి,
అంతే మా విద్య.

రాయడం ఒక ఎత్తు.
రాసిందాన్ని ముక్కముక్కా కూర్చి, పరీక్షించి, మూట కట్టి
బట్టీ దాకా చేర్చడం ఇంకో ఎత్తు.
ఆ రెండో ఎత్తు పదకొండేళ్లుగా బెల్మీరో ఒక్కడే ఎక్కాడు
ప్రతి గురువారం రాత్రీ,
నూనె మరకల నోటుబుక్కు పక్కన పెట్టుకుని.
అందులో నలభై ఒక్క మెట్లు.
పదిహేడో మెట్టు దగ్గర రాసి ఉంటుంది:
"ఆగు. కాఫీ తాగు. మళ్లీ నొక్కు."

ఫిబ్రవరిలో అతని మోకాలికి ఆపరేషన్.
ఆ గురువారం మూట కట్టే దిక్కులేక
ఇల్యవులో ఒక బట్టీ పాత లెక్కతోనే మండి
ఆరువందల నీలి పలకలు బీటలిచ్చాయి.
మర్నాడు ఒటీలియా, మా యజమానురాలు, అంది:
"ఆ బిల్డ్ సాధనమేదో పెట్టేద్దాం. ఉచితమేగా."

ఉచితమే.
దూడ ఉచితం.
పలుపూ గడ్డీ కొట్టమూ రాత్రి కాపలా మనవి.

గోడమీది పలకపై ఖర్చు రాసింది:
సర్వరు, నెలకు నలభై యూరోలు. కింద గీత కొట్టింది.
ఆ గీత కింద చోటు చాలా మిగిలింది.
నా మూడు నెలలు అందులో పట్టేవి.
ఒక ఖాళీ ఎక్కువైతే అలిగి కూర్చునే భాష,
దాని అలకలు తీర్చడం నేర్చుకున్న శనివారాలు పట్టేవి.
మా అమ్మాయి పడవపందెం రోజు
కాలువ గట్టున నిలబడి నేను ఫోనులో
ఎర్రగీతలు చదువుతున్నాను.
గెలిచిందట.

నేర్పంటే కమాండ్లు బట్టీపట్టడమే అనుకున్నాను.
బట్టీల కంపెనీలో అదెంత పని!
నలభై ఒక్క మెట్లూ ఒక్కొక్కటే దానికి అప్పజెప్పాను.
ఇరవై ఆరు దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ బొక్కబోర్లా.
"మొద్దు యంత్రం," అన్నాడు తెల్మో, కొత్త కుర్రాడు.
మొద్దు కాదు. చెప్పింది చేస్తుంది.
చెప్పనిది చెయ్యదు.
చెప్పనిది ఏదో ఉంది.

గుడ్డుసొన మిఠాయి పొట్లం పట్టుకుని బెల్మీరో ఇంటికెళ్లాను.
చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది.
"ఇరవై ఐదుకీ ఇరవై ఆరుకీ మధ్య ఏం చేస్తావు?"
"ఏమీ చెయ్యను జుల్మీరా. ఒట్టు."
దేనికీ తగిలించని కీబోర్డు ఒకటి అతని ఒళ్లో పెట్టాను.
"చెప్పకు. చెయ్యి."

కళ్లు మూసుకున్నాడు.
జపమాల తిప్పినట్టు వేళ్లు కదిలాయి.
ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు.
అక్కడ, కుడిచేతి చిటికెనవేలు
ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి ఒక అక్షరం చెరిపింది.
మళ్లీ అదే అక్షరం కొట్టాడు, నెత్తిన అల లేకుండా.
కపితాంవ్ అని ఇల్యవు బట్టీ పేరు.
ఆ పేరులో 'అ' మీద ఉండే చిన్న అలగీత
మా మూటకు ఏనాడూ మింగుడుపడలేదు.
ఐదువందల డెబ్బై గురువారాలు
ఆ వేలు దాన్ని తుడుస్తూ వచ్చింది,
సొంతదారుకు కూడా తెలియకుండా.

పడీపడీ నవ్వాడు.
తర్వాత నవ్వు ఆపి ఆ వేలివంక చూశాడు,
రేపట్నుంచి రానక్కర్లేదని
దానికెలా చెప్పాలో తెలియనట్టు.

ఒటీలియా పలకమీద దీనికి గడి లేదు.

ఇప్పుడు గురువారం రాత్రుళ్లు
ఎవరూ లేని గదిలో పచ్చదీపాలు ఒకదాని వెంట ఒకటి.
బెల్మీరో ఆరింటికే ఇల్లు చేరతాడు.
మొదట్లో కొన్ని వారాలు, కోటు విప్పకుండానే,
నిలబడి చూసి వెళ్లేవాడు.

పదిహేడో మెట్టు దగ్గర యంత్రం
నలభై సెకన్లు ఊరికే ఆగుతుంది.
అది అవసరమో, వట్టి కాఫీయో
మాలో ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు.
తీసేద్దామని తెల్మో రెండుసార్లు అన్నాడు.
నువ్వే తియ్యి, అన్నాను.

ఇంకా ఉంది.