మూడో విజిలు

కృత్తిక కార్తె మొదటి రోజు.
చీమకుర్తి క్వారీ అంచున
మూడుకాళ్ల స్టాండు మీద నా సర్వే మిషను
ఆకాశంతో మాట్లాడటం మానేసింది.

పొద్దున పద్దెనిమిది ఉపగ్రహాలు పలికినయ్.
పదకొండింటికి తొమ్మిది.
తర్వాత నాలుగు, అవీ నీళ్లు నములుతూ.
తెర మీద 'ఫిక్స్' పోయి 'ఫ్లోట్' అని పడింది.
నువ్వెక్కడున్నావో తెలుసుగానీ
ఒట్టేసి మాత్రం చెప్పలేనని దానర్థం.

నేను పాతించిన హద్దు మేకు
లీజు గీత దాటి పక్కవాళ్ల రాతిలోకి
ఒకటిన్నర మీటరు జరిగిపోయింది.
మేనేజరు మాలకొండారెడ్డి గొడుగు కింద నుంచే
"ఎండకి నీ మిషనుకు పైత్యం చేసిందమ్మా" అన్నాడు.

పైత్యం మిషనుకు కాదు, సూర్యుడికి.
మొన్న పొద్దున ఆయన ఒంటి మీద
నల్లమచ్చల గుంపొకటి పగిలింది.

"పొద్దు పేలితే మనకి వినపడదేం?"
అడిగింది యల్లమంద.
ముప్పయ్యేళ్లుగా గుంతల్లో మందు కూరుతున్నాడు.
కుడిచెవి ఎప్పుడో రాయికిచ్చేశాడు.

మన దగ్గర మూడు విజిళ్లు కదా బాబాయ్, అన్నాను.
గొడ్డూ గోదా తోలుకోమని ఒకటి,
మనుషులు గూట్లో దూరమని ఇంకోటి,
మూడోదానికి నేల లేస్తుంది.
అక్కడా అంతే.
మొదటిది వెలుగు. ఎనిమిది నిమిషాల్లో వస్తుంది,
వస్తూనే సముద్రం మీద రేడియోల గొంతు నొక్కుతుంది.
వెనకాలే, అరగంటకో గంటకో,
కంటికానని రవ్వలు, తూటాల్లాగా.
ఆఖరికి మేఘం.
అయస్కాంతాన్ని మూటగట్టుకున్న మేఘం
రెండురోజులు దారి నడిచి
రాత్రి మన గడప తొక్కింది.

"మరి పైన తిరిగే మనుషులో?"

వాళ్లకీ గూడుంది.
కబురందగానే నౌకలో లోపలి మూలకి పోయి
నీళ్ల సంచులూ తిండి మూటలూ చుట్టూ పేర్చుకుని
ఒకరి మోకాళ్లకి ఒకరు మోకాళ్లు తగిలించి కూర్చుంటారు.
కళ్లు మూసుకున్నా
రెప్పల లోపల మెరుపులు మెరుస్తాయట.

యల్లమంద నీళ్ల క్యాను వంక చూశాడు.
మూత తీసి, తాగకుండానే మూత పెట్టాడు.
"కళ్లు మూసుకున్నా మెరవటం...
బుర్రయ్య పోయిన్నాటి నుంచి నాకూ అట్టానే."

ఆ మాట మీద నేనేం కొలవగలను.

సాయంత్రం సుభాని ఫోటో పంపాడు,
లడఖ్‌లో రోడ్డు పనికి డ్రిల్లు పట్టుకెళ్లినవాడు.
రాత్రి తీశాడట. కొండ గీత వెనకాల ఆకాశం ఎర్రగా.
చెయ్యి వణికినట్టుంది, చుక్కలన్నీ సాగినయ్.
ఫోను ఎండకి అడ్డంపెట్టి చూసి
"ఆ కొండెనక ఎవరో మిరపకాయలు ఆరబోశార్రా" అన్నాడు యల్లమంద.
నవ్వాడు. ఆ రోజుకి అదే మొదటి నవ్వు.

తర్వాత తువ్వాలు తడిపి
కోసిన బండ మీద ఒక జానెడు మేర తుడిచాడు.
నలుపులోంచి ఇత్తడి చుక్కలు పైకి తేలినయ్.
ఈ రాయి కరిగి గడ్డకట్టిన కాలంలో
ఉత్తరం ఎటు వైపుండేదో
దీని లోపలి రేణువులకి ఇంకా జ్ఞాపకమే.
ఎక్కడ నిలబడ్డానో
నా మిషను ఒక్కపూటకే మరిచింది.

మూడోనాటికి 'ఫిక్స్' వచ్చింది.
మేకులన్నీ పీకి మళ్లీ పాతాం, ఒక్కటి తప్ప.
అది బండ సందులో బిగిసి రాలేదు.
సూర్యుడు కొట్టిన మేకు, ఉండనీ అన్నాడు యల్లమంద.

ఇప్పుడు క్యాంటీను ఓబులమ్మ
దానికి మేకను కట్టేస్తోంది.
విజిలు పడితే
ముందుగా తాడు తెంపుకునేది అదే.