మీటర్లలో అడిగితే

కాలేజీలో రెండు గీతలు గీసి చూపించమంటారు:
ఇది స్వీడన్, ఇది సోవియట్ ఎస్తోనియా,
యుద్ధం ముగిసిన ఏడాది దగ్గర మొదలు.
గీస్తాను. జీతం తీసుకుంటున్నాను కదా.
సుద్దముక్క పట్టుకున్న ప్రతిసారీ మాత్రం
వేళ్ళకి తగిలేది ఒక దుప్పటి.

నలభై నాలుగు సెప్టెంబరు.
చేపల పడవలోకి మా అమ్మ హిల్యా ఎక్కేసింది.
పిన్ని వైకే, ఒక కాలు పడవలో పెట్టాక,
అయ్యో మేక కట్టేసే ఉందని
పలుపు విప్పడానికి వెనక్కి పరిగెత్తింది.
పడవవాడు వంద లెక్కపెట్టాడట.
తర్వాత ఇంకో యాభై.

ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు,
ఇద్దరూ మగ్గాల దగ్గరే తేలారు.
అమ్మ బొరోస్ మిల్లులో,
పిన్ని తాలిన్‌లో, కోప్లీ వైపు.
ఉత్తరాలు ఎవరో విప్పి చదివేవారు కనుక
రాసుకున్నది వాతావరణం ఒక్కటే.
ఇరవై ఏడేళ్ళు మంచు కురిసింది, కరిగింది.

డెబ్భై ఒకటిలో వెళ్ళాం. నాకు పదిహేడు.
పిన్నిది ఐదో అంతస్తు, లిఫ్టు లేదు.
మంచం మీది దుప్పటి లాగి కిటికీకి అడ్డం పట్టింది.
అందులోంచి ఎదుటి భవనం కిటికీలు లెక్కపెట్టొచ్చు.
"ప్లాను మీటర్లలో అడిగింది. మీటర్లు ఇచ్చాం.
పేక పోగులు ఎన్నని ఎవడూ అడగలేదు."
ఆ నెల తన ఫోటో గౌరవ ఫలకం మీద పెట్టారట.
నవ్వుతూనే చెప్పింది,
ఫోటో దాచుకుంది కూడా.

అమ్మ మా అపార్ట్‌మెంటు గురించి చెప్పింది,
కింద అందరికీ కలిపి బట్టలుతికే గది,
గోడకి వేలాడే వంతుల పుస్తకం.
"అంటే మీకూ క్యూలేనన్నమాట" అంది పిన్ని.
ఈ గదులకి ఎన్నాళ్ళు ఆగావు అంటే, పదకొండేళ్ళు.
అద్దె ఎంత అంటే, పిన్నికి గుర్తు రాలేదు,
అంత తక్కువ.
అమ్మ కొంచెం సేపు మాట్లాడలేదు.
తర్వాత తన జీతంలో మూడో వంతు పన్నుకే పోతుందంది.
"ఎంత తీసుకున్నారో చీటీ ఇస్తారా?"
"ప్రతి నెలా."
"మా దగ్గర తీసుకున్నది చీటీ మీదికి ఎక్కదు" అంది పిన్ని,
గొంతు తగ్గించి, కుళాయి తిప్పి.
నీళ్ళ చప్పుడులోనే అడిగింది:
"ఎన్నాళ్ళుగా మీకు ఆ పార్టీయే?"
"ముప్పై తొమ్మిదేళ్ళు."
"ఇంకేం! మాలాగే."
అమ్మ ఆలోచించి,
"మాది ప్రతిసారీ భయపడుతుంది" అంది.

ఆ దశాబ్దం తిరక్కుండానే బొరోస్‌లో మిల్లులు మూతపడ్డాయి,
పోర్చుగల్ చొక్కాలు చవకని.
అమ్మకి యాభై రెండేళ్ళు.
సర్కారు డబ్బుతో ఆర్నెల్లు మళ్ళీ బడికెళ్ళింది,
వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ గోళ్ళు కత్తిరించే పనికి కుదిరింది.
మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టడంలేదనేది.
దానికి భత్యం ఏ ఆఫీసులోనూ లేదు.

పిన్ని మిల్లు మాత్రం దేశం ఉన్నంతకాలం నడిచింది.
తర్వాత ఒకటే చలికాలం:
గేటుకి తాళం, బ్యాంకులో దాచిన రూబుళ్ళకి
ఒక జత బూట్లు వచ్చాయి.
స్వేచ్ఛ వచ్చినరోజు చౌకులో పాడిందట గొంతు పోయేదాకా.
బూట్లు బిగుతని తర్వాత ఉత్తరంలో రాసింది.
ఎవరూ విప్పని మొదటి ఉత్తరం అది.

ఇవి గీతల మీద ఎక్కడ పెట్టను?
ఒక విద్యార్థి అడిగాడు, చివరికి ఎవరు గెలిచారని.
సిలబస్‌లో జవాబుంది, అదే చెప్పాను.

ఇంటికొచ్చి దుప్పటి పరిచాను.
ఇప్పటికీ చిరగలేదు, విచిత్రం.

ఆ రోజు ఓడరేవులో, ఆఖరి నిమిషంలో,
అమ్మ అడిగింది: "మేక ఏమైంది?"
పిన్ని కోటు గుండీ పెట్టుకుంటూ అంది,
"పలుపు విప్పాను.
కదల్లేదు. అక్కడే మేస్తూ నిలబడింది."